తవ్వడానికి ఎం.ఏ. ఎందుకు?

మొన్న సంక్రాంతికి మన తెలుగు కుటుంబాలు నాలుగైదు ఒకచోట కలిసి భోజనాలు చేస్తున్నప్పుడు వచ్చిన మాట ఇది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయిని ఒక పెద్దాయన అందరూ అడిగే ప్రశ్నే అడిగారు. "తర్వాత ఏం చదువుతావమ్మా?" "ఆర్కియాలజీ, తాతయ్యా" అంది ఆ పిల్ల. వాళ్ళ నాన్నగారు నవ్వుతూనే, "గోతులు తవ్వడానికి కూలీలు దొరుకుతారే, దానికి ఎం.ఏ. ఎందుకు?" అన్నారు. పంక్తిలో అందరూ నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

నాకూ నవ్వు రాలేదు. మా చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టున ఒక బండ ఉండేది. దానిమీద నాలుగైదు వరుసల తెలుగు అక్షరాలు ఉండేవి. కొన్ని గుర్తుపట్టగలిగేవాళ్ళం, కొన్ని వింతగా ఉండేవి. దానిమీద బట్టలు ఉతికేవారు. మేము దానిమీద కూర్చుని చెరుకు తినేవాళ్ళం. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బండ కనబడకుండా పోయింది. దానిమీద ఏమి రాసి ఉందో ఎవరూ చదవలేదు. చెరువు తవ్వించినవారి పేరో, భూమి ఇచ్చినవారి పేరో, మన పూర్వీకులు ఆ ఊరికి ఎప్పుడు వచ్చారో చెప్పే మాటో, ఏదైనా అయి ఉండవచ్చు. ఇక తెలిసే దారి లేదు.

కాబట్టి ఆ తండ్రిగారి ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలనే ఈ వ్యాసం.

ఒకటి కాదు, ఎన్నో చదువులు

పురావస్తు శాస్త్రం అంటే నిధుల వేట కాదు. మనుషులు విడిచిపెట్టి పోయిన వస్తువులను బట్టి వాళ్ళ బతుకును తెలుసుకోవడం. ఆ వస్తువు రాతిగొడ్డలి కావచ్చు, కుండ పెంకు కావచ్చు, మాడిన ఉలవగింజ కావచ్చు, గుడి గోడమీది శాసనం కావచ్చు. ఇన్నిటిని ఒకే మనిషి చూడలేడు. అందుకే విశ్వవిద్యాలయాల్లో దీన్ని శాఖలుగా విడదీసి చెబుతారు. స్థూలంగా ఈ శాఖలన్నీ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఏ కాలానిది? ఏ వస్తువు? ఏ పద్ధతిలో తెలుసుకోవాలి?

కాలాన్ని బట్టి: పూర్వచరిత్ర

రాత పుట్టకముందు కాలాన్ని చదివేది పూర్వచరిత్ర శాఖ. మన దేశంలో ఈ చదువుకు పునాది పడింది చెన్నై పక్కనే. 1863 మే 30న పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు పాతరాతియుగపు రాతి పనిముట్టు దొరికింది. అదే ఏడాది తిరువళ్ళూరు వైపు అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్ళు బయటపడ్డాయి. 1999 నుంచి అదే చోట మళ్ళీ తవ్వకాలు చేశారు. అక్కడి చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళనాటివని 2011లో ప్రకటించారు. ఫుట్ గారికి పనిముట్టు దొరికింది గాని, దాని వయసు తెలియడానికి దాదాపు 150 ఏళ్ళు పట్టింది. వస్తువు దొరకడం వేరు, అది చెప్పే మాట వినడం వేరు.

రాయలసీమ, పాలమూరు, బళ్ళారి, రాయచూరు ప్రాంతాల్లో బూడిదదిబ్బలు ఉన్నాయి. వీటిని అగ్నిపర్వతాల బూడిద అనుకున్నవారు ఉన్నారు, ఇనుము కరిగించిన చోట్లు అనుకున్నవారూ ఉన్నారు. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పండితుడు పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో తవ్వి, అవి కొత్తరాతియుగపు పశువుల దొడ్లనీ, పోగుపడిన పేడ కాలగా మిగిలిన బూడిద అనీ తేల్చాడు. దొడ్డి నేలలో పశువుల గిట్టల గుర్తులు కూడా ఆయనకు కనబడ్డాయి. నాలుగైదు వేల ఏళ్ళ కిందట తడినేలలో ఆవు వేసిన అడుగు! ఆ తర్వాత ఉత్తర కర్ణాటకలోని బూదిహాళ్‌లో పుణే డెక్కన్ కాలేజీకి చెందిన కట్రగడ్డ పద్దయ్యగారు ఏళ్ళ తరబడి తవ్వి, దొడ్డి పక్కనే మనుషుల ఇళ్ళు ఉండేవని చూపించారు. ఊరి పేరులోనే బూడిద ఉంది, కన్నడంలో బూది అంటే బూడిదే. ఇంటిపేరు చూడగానే మీకు తెలిసిపోయి ఉంటుంది, పద్దయ్యగారు మనవారే. మహారాష్ట్రలో ఉంటూ కర్ణాటక నేలను చదివారు. 2012లో పద్మశ్రీ అందుకున్నారు.

గంగావతి వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హిరేబెణకల్ గుట్ట తెలిసే ఉంటుంది. నిలువు బండలమీద బండ కప్పు పెట్టి కట్టిన సమాధి గదులు అక్కడ వందల సంఖ్యలో ఉన్నాయి. స్థానికులు మోర్యుల గుట్ట అంటారు. మనవైపు ఇటువంటివాటిని రాక్షసగుళ్ళు అంటారు. ఇవి ఇనుము వాడుకలోకి వచ్చిన కాలానివి. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించాక, ఇనుపయుగం ఎప్పుడు మొదలైందనే చర్చ మళ్ళీ వేడెక్కింది. హోసూరు, కృష్ణగిరి వైపు మనవాళ్ళు ఎందరున్నారో చెప్పనక్కరలేదు. ఆ చర్చ వాళ్ళ ఇంటి పెరట్లోనే జరుగుతున్నట్టు లెక్క.

చారిత్రక పురావస్తు శాస్త్రం

రాతలు మొదలైన తర్వాతి కాలం ఈ శాఖది. ఇక్కడ పుస్తకాల్లో, శాసనాల్లో ఉన్న మాటనూ, మట్టిలో ఉన్న వస్తువునూ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు.

దీనికి మంచి ఉదాహరణ పుదుచ్చేరి దగ్గరి అరికమేడు. యానాం పాఠకులకు తమ ప్రభుత్వ రాజధాని పక్కనున్న ఊరది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వినప్పుడు ఇటలీలో తయారైన ఎర్రని మెరుగు పాత్రల పెంకులు దొరికాయి. అవి క్రీ.శ. మొదటి శతాబ్దపు తొలినాళ్ళవని రోమన్ చరిత్రవల్ల ముందే తెలుసు. అయితే వాటితోపాటు అదే మట్టిపొరలో ఉన్న మన కుండ పెంకులు కూడా ఆ కాలానివే కావాలి కదా! అటువంటి పెంకులే 1947లో చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో దొరికేసరికి, తేదీ లేని ఆ ఊరి పొరలకు కూడా తేదీ చిక్కింది. మన వంటింటి కుండ వయసు చెప్పింది ఇటలీ పళ్ళెం అన్నమాట.

ఇక్కడే తండ్రిగారి ప్రశ్నకు సగం జవాబు ఉంది. గొయ్యి ఎవరైనా తవ్వుతారు. ఏ పెంకు ఏ పొరలో, ఎంత లోతున, దేని పక్కన ఉందో రాసుకుంటూ తవ్వడానికే చదువు కావాలి. ఒకసారి తవ్విన నేలను మళ్ళీ తవ్వలేం. రాసుకోకుండా తవ్వితే పుస్తకం చదవకుండా చింపినట్టే.

రాతిమీది రాత: శాసనశాస్త్రం

వస్తువును బట్టి ఏర్పడిన శాఖల్లో మనకు అన్నిటికన్న దగ్గరిది ఇది. రాతిమీద, రాగిరేకుమీద ఉన్న రాతను చదవడం, లిపి మారిన తీరును బట్టి కాలం కట్టడం దీని పని. కడప జిల్లా కలమళ్ళలోని రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. తెలుగులో రాసిన తొలి శాసనంగా దానికి పేరు.

ఒక్క శాసనం ఎంత పని చేయగలదో రాయచూరు జిల్లా మస్కి చెబుతుంది. అంతకు ముందు దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే ఉండేవి. ఆ రాజు అశోకుడేనని పండితులు ఊహించారు గాని, రాతిమీద ఆ పేరు లేదు. 1915లో బీడన్ అనే గనుల ఇంజనీరు మస్కి కొండలో చూసిన శాసనంలో అశోకుని పేరు స్పష్టంగా ఉంది. తర్వాత బళ్ళారి జిల్లా నిట్టూరు, ఉడేగోళం శాసనాల్లో కూడా కనబడింది. బరంపురం వైపు ఉన్నవారికి గంజాం జిల్లాలోని జౌగడ దగ్గరే. కళింగ యుద్ధంలో జరిగిన చావుల గురించి అశోకుడు పశ్చాత్తాపపడిన పదమూడవ శాసనం దేశంలో వేరేచోట్ల ఉంది గాని, జౌగడలోనూ ధౌళిలోనూ లేదు. ఓడిన ప్రజల ముందు ఆ మాట చెక్కించలేదు. దానికి బదులు అక్కడి అధికారులకు ప్రజలను బిడ్డల్లా చూడమన్న ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. రాతిమీద ఉన్నదే కాదు, లేనిది కూడా చదవాలి.

శాసనం నకలు తీయడం చూడదగ్గ పని. రాతిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేటట్టు బ్రష్షుతో కొడతారు. పైన సిరా అద్దితే ఉబ్బెత్తు భాగం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. కేంద్ర పురావస్తు శాఖ ఇలా తీయించిన నకళ్ళు ఉదకమండలంలో ఉండేవి. 1966లో ఆ కార్యాలయం మైసూరుకు మారింది. వాటిలో తమిళ శాసనాల నకళ్ళను చెన్నైకి తరలించాలని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఒక నకలు ఎక్కడ ఉండాలన్న విషయం కోర్టుదాకా వెళ్ళిందంటే దాని విలువ ఊహించుకోండి. రాయి పోయినా నకలు మిగులుతుంది. మా చెరువుగట్టు రాయికి ఆ అదృష్టం కూడా లేదు.

నాణేలు చెప్పే సాక్ష్యం

నాణేల శాస్త్రం మరో ముఖ్య శాఖ. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అవి నహపానుడనే క్షత్రప రాజువి. అయితే వాటిలో 9 వేలకు పైగా నాణేలమీద గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర మళ్ళీ కొట్టి ఉంది. ఓడిన రాజు మొహంమీద గెలిచిన రాజు గుర్తు! ఎవరు ఎవరిని ఓడించారో చెప్పడానికి ఇంతకన్న పెద్ద సాక్ష్యం అక్కరలేదు. మరోవైపు కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో శాతవాహనుల కన్న ముందటి గోబద, నారన అనే రాజుల నాణేలు దొరికాయి. ఆ రాజుల పేర్లు మనకు తెలిసింది ఆ నాణేల వల్లే. నాసిక్ దగ్గరే అంజనేరిలో నాణేల పరిశోధనకు ప్రత్యేక సంస్థ కూడా ఉంది.

ప్రయోగశాలలో పురావస్తు శాస్త్రం

సైన్సు చదివిన పిల్లలకు ఇక్కడే ఎక్కువ చోటు ఉంది. తవ్వినచోట తీసిన మట్టిని నీళ్ళలో కలిపితే, బియ్యం కడిగేటప్పుడు పొట్టు తేలినట్టు, మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూసి ఏ పంటవో గుర్తిస్తారు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు వంటి చోట్ల కొత్తరాతియుగపు మనుషులు పండించిన పంటల్లో ఉలవలు, పెసలు, అండు కొర్రలు ముఖ్యమైనవని ఈ పద్ధతిలోనే తేలింది. ఉలవచారు కథ ఎంత పాతదో చూడండి!

ఎముకలను చదివే శాఖ వేరు. ఏ జంతువు, ఏ వయసులో చచ్చింది, కత్తిగాట్లు ఉన్నాయా అని చూస్తారు. మనుషుల ఎముకలు తిండినీ, జబ్బులనూ చెబుతాయి. 1968 నుంచి 1982 దాకా డెక్కన్ కాలేజీవారు పుణే జిల్లా ఇనాంగావ్‌లో తవ్వితే, మూడు వేల ఏళ్ళ కిందటి ఇళ్ళ నేలల కింద పసిపిల్లల సమాధులు కనబడ్డాయి. రెండు కుండలను మూతికి మూతి చేర్చి, లోపల బిడ్డను ఉంచి, ఇంట్లోనే పూడ్చారు. పోయిన బిడ్డను గడప దాటించడానికి ఆ తల్లికి మనసు ఒప్పలేదేమో. అది నా ఊహ. శాస్త్రం చెప్పేది కుండలు, ఎముకలు, లోతు వరకే. ఈ రెంటికీ తేడా తెలియడమే ఆ చదువులో మొదటి పాఠం.

ఇక వయసు కట్టే పద్ధతులు. చచ్చిన జీవంలో కార్బన్ 14 అనే పదార్థం 5,730 ఏళ్ళకు సగానికి తగ్గుతుంది. దాన్నిబట్టి సుమారు 50 వేల ఏళ్ళదాకా లెక్క కట్టవచ్చు. దీన్ని కనిపెట్టిన లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటీవల డి.ఎన్.ఏ. పరిశీలన కూడా చేరింది. హర్యానాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే చదవదగ్గ డి.ఎన్.ఏ. ఇచ్చింది ఒక్కటే. అది ఒక స్త్రీది. ఆ ఫలితం 2019లో వెలువడింది. మన వేడికి, తేమకు ఎముకలో ఏదీ నిలవదు. ఈ శాఖలో ఓపిక ఎంత కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీటి కిందా, నీటి ముందూ

సముద్రగర్భ పురావస్తు శాస్త్రం కొత్త శాఖ. లోథల్ తవ్విన ఎస్.ఆర్. రావుగారు 1980లలో గోవా సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున ద్వారక తీరంలో దీనికి మార్గం వేశారు. కేంద్ర పురావస్తు శాఖలో ఇందుకు 2001లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఈత రానివారు ముందు ఈత నేర్చుకోవాలి.

నీళ్ళు రాకముందే చేయవలసిన పని మరొకటి. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆ లోయనంతా తవ్వి, కట్టడాలను కొండమీదికీ, అనుపుకీ తరలించారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్ళీ కట్టారు. రాళ్ళకు అంకెలు వేయడం దగ్గర్నుంచి మళ్ళీ పేర్చడందాకా ఇదంతా పరిరక్షణ శాఖ పని.

పరిరక్షణ లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే చెన్నైలో ఉన్నవారు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడండి. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే ఆ స్తూపం రాళ్ళను జనం తీసుకుపోతున్నారు. తర్వాత ఎన్నిటినో సున్నానికి కాల్చేశారు. మిగిలినవి చెన్నైకి, లండన్‌కి చేరాయి.

రెండు భాషల ఇల్లు

మెకంజీ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకరిని తలచుకోవాలి. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య ఏలూరివాడు. ఊరూరా తిరిగి కైఫీయతులు, శాసనాలు సేకరించాడు. తెలుగువాడై ఉండి పాతకన్నడ శాసనాలను చదివించిన ఘనత ఆయనది. 1803లో చిన్నవయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించాడు.

బొర్రయ్యకు ఉన్న బలమే మన పిల్లలకూ ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. కోలారు జిల్లాలో, శ్రీరంగం గుడిలో తెలుగు శాసనాలు ఉన్నాయి. కటకం నుంచి ఏలిన రాజుల కాలపు శాసనాలు శ్రీకూర్మం, సింహాచలం గుళ్ళలో తెలుగులో ఉన్నాయి. ఇటువంటివి చదవాలంటే రెండు భాషల చెవి ఉండాలి. అది పుస్తకంతో వచ్చేది కాదు, మన పిల్లలకు పుట్టుకతో వచ్చింది. కాని మాట ఉంది గాని అక్షరం లేదు. అమ్మమ్మతో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లలే తెలుగు ఉత్తరం చేతికిస్తే తిప్పి చూస్తారు. ఈనాటి అక్షరమే రానివాళ్ళు వెయ్యేళ్ళనాటి అక్షరాన్ని ఎలా చదువుతారు?

ఎక్కడ చదవాలి?

మహారాష్ట్రలో పుణే డెక్కన్ కాలేజీ ఈ చదువుకు పెట్టింది పేరు. నాగపూర్ విశ్వవిద్యాలయంలోనూ విభాగం ఉంది. కర్ణాటకలో మైసూరు, ధార్వాడ, హంపీ కన్నడ విశ్వవిద్యాలయం, తమిళనాడులో మద్రాసు విశ్వవిద్యాలయం, తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం, ఒడిశాలో ఉత్కళ విశ్వవిద్యాలయం, తెలుగునాట ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు చెప్పుకోదగ్గవి. ఎం.ఏ. తర్వాత కేంద్ర పురావస్తు శాఖవారి రెండేళ్ళ డిప్లొమా గ్రేటర్ నోయిడాలో ఉంది. డిగ్రీలో చరిత్రే చదివి ఉండాలన్న నిబంధన అన్నిచోట్లా లేదు. నిబంధనలు మారుతుంటాయి గనుక నేరుగా విభాగానికే రాసి కనుక్కోవడం మంచిది.

ఉద్యోగాల సంగతి దాచకూడదు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏళ్ళు ఎదురుచూడవలసి రావచ్చు. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు, మ్యూజియాలు, కాలేజీలు, పరిశోధన సంస్థలు, ఇవే ముఖ్యమైన దారులు. జీతం కోసమే అయితే ఇంతకన్న దగ్గరి దారులు ఉన్నాయి. తెలిసి ఇష్టపడి వెళ్ళే పిల్లలను మాత్రం ఆపవద్దని నా మనవి.

మనం చేయగలిగింది

ఇది చదివి అందరూ ఎం.ఏ.లో చేరనక్కరలేదు. మీ ఊరి గుడిలో, చెరువుగట్టున, పొలంలో రాతలున్న రాయి గాని, వీరగల్లు గాని ఉంటే దానికి సున్నం, రంగు వేయనివ్వకండి. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి, అక్షరాలు బాగా తేలుతాయి. రాయిని కదిలించకుండా పురావస్తు శాఖవారికి తెలియజేయండి. భూమిలో నిధి దొరికితే, దాని విలువ పది రూపాయలు మించితే, కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అన్నిటికన్న ముందు, సెలవుల్లో పిల్లలకు అ ఆలు దిద్దించండి.

ఆ రోజు భోజనాలయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మీ ఊరి రాయిమీద అక్షరాల్లో గుర్తున్నవి రాసి చూపిస్తారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవారు ఎవరూ లేరు. కాగితం తీసుకుని ప్రయత్నించాను. మూడు అక్షరాలే గుర్తొచ్చాయి. వాటితో ఏ మాటా పూర్తికాలేదు. అయినా ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

మీ ఊళ్ళో రాయి ఇంకా ఉంటే ఈ సెలవుల్లోనే వెళ్ళి చూడండి. ఏం కనబడిందో మన పత్రికకు రాయండి.